బీరన్న గారి గోలీలు

ఆ ఉదయం సమితి ప్రెసిడెంటు బీరన్న గారి చేతిలో ఉన్నదల్లా ఒక గోలీల సీసా. ఆయన చక్కెర రోగానికి పట్నం పెద్ద డాక్టరు రాసిచ్చింది. దేవరకొండ సంతలో అరుగెక్కి, ఆ సీసాను ప్రజలకు అంకితం చేస్తున్నట్టు ఆయన ప్రకటించారు. సొంత మందు కూడా దాచుకోని నాయకుణ్ణి తాలూకా అదివరకు చూడలేదు.

గొంగళ్ల వ్యాపారి దుర్గయ్య అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. అమ్రాబాద్ అడవి పల్లెలకు సమితి పంచబోయే గొంగళ్ల ఆర్డరు మీద ప్రెసిడెంటు సంతకం ఇంకా పడలేదు.

"పెసిడెంటు సాబ్, మాకు చక్కెర రోగం లేదు గద?" అన్నాడు మర్యాదగానే.

"ఓరి దుర్గయ్యా, మందల ఒక్క గొర్రె తుమ్మితే ఏం జేస్తం? అన్నిట్కి గొట్టంతోని మందు పోస్తమా, లేదా? గొర్రెకున్న ఇలువ మనిషికుండొద్దా?"

తరాలుగా గొర్రెలు కాసిన ఇంటి మాట. సంతంతా తలలూపింది.

"మీ అమ్మతోనే మొదలువెడుదాం" అన్నారు బీరన్న గారు.

దుర్గయ్య తల్లి బక్కమ్మకు ఆ రోజు ఒక్కపొద్దు. "పొద్దటిసంది ఏం ముట్టలే కొడుకా. లేని రోగానికి గీ గోలి ఎందుకురా?"

"మింగవే అమ్మా, సంతకం కావాలె" అని దుర్గయ్య ఆమె చెవిలో చెప్పాడు.

ఆమె మింగింది. వెనక వరుస కట్టినవాళ్లూ మింగారు. లచ్చయ్య దాకా వచ్చేసరికి సీసా ఖాళీ. తనది వేరే పార్టీ గనుకనే గోలీ ఇవ్వలేదని అతడు అలిగాడు.

మధ్యాహ్నానికి పథకం ఫలితాలు అందసాగాయి. మింగినవాళ్లకు చెమటలు పట్టాయి, ఒళ్లు వణికింది, ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు. అలిగిన లచ్చయ్యే బండ్లు కట్టించి అందర్నీ దవాఖానకు చేర్చాడు. బక్కమ్మ పిలిస్తే పలకలేదు. ఆమె తల ఒళ్లో పెట్టుకున్న దుర్గయ్యకు సంతకం సంగతి గుర్తే లేదు.

"చక్కెర లేనివాళ్లకు చక్కెర దించే మందా? అందులో ఉపవాసమున్న మనిషికా? ప్రాణాలు పోయేవి!" అంటూ డాక్టరు గ్లూకోజు ఎక్కించాడు.

మంచాలు చాలక జనం వరండాలో నేల మీద పడుకున్నారు. పరామర్శకు వచ్చిన బీరన్న గారి గుండె కరిగింది. అక్కడికక్కడే గొంగళ్ల ఆర్డరు మీద సంతకం చేశారు, అడవి పల్లెలకు బదులు దవాఖానకు.

వారం తిరక్కముందే బీరన్న గారినీ ఎత్తుకొచ్చి అదే వరండాలో పడుకోబెట్టారు.

"మీ గోలీలేవి?" అన్నాడు డాక్టరు.

"జనంల ఉన్నయి" అన్నారాయన, ఎండిన గొంతుతో.

ఇంటికి పోబోతూ బక్కమ్మ ఆగింది. "నా గొంగడి గూడ ఆయనకే కప్పురా. ఆయనకు గప్పితే మంద మొత్తానికి గప్పినట్టే గద."

దుర్గయ్య కప్పి, లెక్క చూసుకున్నాడు. ఆర్డరు దక్కింది. అమ్మ దక్కింది. సంతలో ఆ రోగమున్న మనిషి ఒక్కడే, కావలసిన మందు దక్కనిదీ ఆ ఒక్కడికే.