బావగారి రద్దు, తదుపరి చర్యలు

మంగళవారం ఉదయం పదకొండు గంటల అయిదు నిమిషాలకు, తణుకులోని ఒక ఆన్‌లైన్ పచ్చళ్ళ అంగడిలో పనిచేసే కంప్యూటర్ ఏజెంటు ఒక ఖాతాదారు బావగారిని రద్దు చేసింది. ఖాతాదారు వీరలక్ష్మి ఫోనుకు రశీదు కూడా వెళ్ళింది.

ఏజెంటు తప్పేమీ లేదు. "బావగారొస్తారని మాగాయ చెప్పానండి. ఆయన రావట్లేదంట. రద్దు చేసెయ్యండి" అని వీరలక్ష్మి టైపు చేసింది. ఏజెంటుకు అప్పగించిన పనిముట్ల జాబితాలో ఒకదాని పక్కన "రద్దు చేస్తుంది" అని మాత్రమే ఉంది. దేన్నో లేదు. వాక్యాల్లో రెండుసార్లు కనిపించినవాడు బావగారే కనుక ఆయన్నే చేసింది. పాలకొల్లులో ఆయన చదువుతున్న పేపరు ఖాళీ కుర్చీలో పడింది. మాగాయ వేళకే చేరింది.

వాపసు గడువు బుధవారం సాయంత్రం అయిదు వరకే. మేనేజరు గంగరాజు ఏజెంటు చేత వాపసు పనిముట్టు వాడించాడు. దాని పక్కన "పోయినది తెస్తుంది" అని ఉంది. మొదట ఎవరిదో ఇత్తడి చెంబు వచ్చింది. తర్వాత ఒక రామచిలుక. మూడోసారి గంగరాజుకే ఊడిపోయిన జుట్టంతా వచ్చింది. దాన్ని ఆయన ఫిర్యాదుల పుస్తకంలో రాయలేదు.

బుధవారం మధ్యాహ్నం భాగ్యవతిని పిలిపించారు. రిజిస్ట్రారు ఆఫీసు ముందు ఇరవై రెండేళ్ళుగా దస్తావేజులు రాస్తున్న మనిషి ఆవిడ. జాబితా చదివి పకపకా నవ్వింది.

"ఇదేం రాతండీ గంగరాజుగారూ! సెంటు స్థలం అమ్మినా నాలుగు హద్దులు రాస్తాం. దీనికి ఒక్కటీ లేదేటండీ?"

"పని తెలుస్తుంది కదా అని..."

"మీకు తెలుసు. చదివేదానికి తెలియొద్దూ?"

కళ్ళజోడు పెట్టుకుని రాసింది. "ఈ పనిముట్టు అంగడి నుంచి ఇంకా బయల్దేరని ఆర్డరును మాత్రమే రద్దు చేయును. ఆర్డరు నంబరు లేనిదే వాడరాదు. మనుషులకు, ముహూర్తాలకు వర్తించదు. అనుమానమున్న ఎడల ఖాతాదారును మరల అడుగవలెను." వాపసు దగ్గరికి వచ్చేసరికి కొత్త కాగితం తీసుకుంది. ఇన్నాళ్ళూ ఆవిడ రాతలో అటూ ఇటూ జరిగింది భూములే. ఇప్పుడు ఒక నిండు మనిషి. "రద్దు రశీదులో ఉన్నదానినే, పోయిన చోటికే, పోయినప్పటి స్థితిలోనే తెచ్చును" అని రాసి, రెండుసార్లు చదువుకుని, నాలుగూ యాభైకి ఇచ్చింది.

నాలుగూ యాభై రెండుకి పాలకొల్లు నుంచి ఫోను. బావగారు కుర్చీలో ఉన్నారు. పేపరు నిన్నటిదని విసుక్కుంటున్నారట. అంగడంతా కేకలు, చప్పట్లు. ఎవరో జీళ్ళు పంచారు. భాగ్యవతి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

గురువారం వీరలక్ష్మి పూతరేకులు పట్టుకుని భాగ్యవతి బల్ల దగ్గరికి వచ్చింది.

"బావగారు బాగున్నారాండీ?"

"ఆయనకేమండీ! ఒక రోజంతా ఎవరూ ఏ పనీ చెప్పలేదంట. ఎంత సుఖమో అంటున్నారు." వీరలక్ష్మి స్టూలు లాక్కుని కూర్చుంది. "మీరు నాకూ ఒకటి రాసిపెట్టాలండి."

"మీకేం రాయాలమ్మా?"

"మా ఇంట్లో నా గురించి ఒక్కటే మాటండి. 'అన్నీ తనే చూసుకుంటుంది.' అందుకే ఏదొచ్చినా నా మీదికే వస్తంది."

భాగ్యవతి ఏమీ ఆశ్చర్యపోలేదు. పేరు, వయసు, చేయు పనులు, వేళలు వరుసగా రాసుకుపోయింది. సాక్షి సంతకం పక్క బల్లాయన పెట్టాడు. ఆ కాగితాన్ని వీరలక్ష్మి ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించగా, ఆ పూటే అమల్లోకి వచ్చింది. భర్త కాఫీ తనే పెట్టుకున్నాడు, బాగానే కుదిరింది.

శుక్రవారానికి బల్ల ముందు ఆడవాళ్ళ వరుస రోడ్డు మలుపు దాటింది. నవ్వులు, మల్లెపూల వాసన, ఒకరి పనులు ఒకరు గుర్తుచేసుకోవడాలు. చేయు పనుల గడి ఎవరికీ చాలక భాగ్యవతి అదనపు కాగితాలు కుట్టింది. "చేయని పనులు" అనే గడి దగ్గర మాత్రం వరుస కదలడం లేదు. ఒక్కొక్కరూ కలం పట్టుకుని చాలాసేపు ఆలోచిస్తున్నారు. ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదట.