ఒకే ఫొటోలో నాలుగు చక్రాలు

మానవజాతి చక్రాన్ని కనిపెట్టి వేల ఏళ్లయింది. దాన్ని బిగించుకోవడానికి అనుమతి అడగాలన్న నాగరికత మాత్రం మొయినాబాద్‌కు ఈమధ్యే చేరింది.

చేవెళ్లలో సిమెంటు, ఇనుము అమ్మే రామేశ్వర్ ఈ నాగరికతకు తొలి లబ్ధిదారు. జన్వాడలో ఒక ఫాంహౌస్ యజమాని దగ్గర రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. పాతదే. కానీ ఇంజను మోగితే పక్క దుకాణంలో తరాజు ఊగేది. కొన్నది తన కోసం కాదు. పెళ్లయిన నాటి నుంచి అతని భార్య అరుణాదేవి ఏ శుభకార్యానికి వెళ్లినా దుకాణం ఆటో ట్రాలీలో, సిమెంటు బస్తాల ముందు కూర్చునే వెళ్లింది.

"మోకాళ్లు మొత్తం పోకముందే ఒక్కసారి కారుల హిమాయత్‌నగర్ మా చెల్లె ఇంటికి తీస్కపోర్రి" అని అడిగింది. (స్పోర్ట్స్ కారు సీటు ఎంత కిందికి ఉంటుందో అప్పటికి ఆమెకు తెలియదు.)

చిక్కల్లా టైర్లతోనే. ఎండాకాలపు నల్లరేగడిలా పగిలి ఉన్నాయి. కారును ట్రాక్టరు ట్రాలీ మీద ఎక్కించి మొయినాబాద్‌లో మహేశ్వర్ టైర్ల దుకాణానికి తెచ్చాడు. మహేశ్వర్ టైరును గోటితో గీకి చూశాడు.

"సేటు, గీ సైజు ఇప్పుడు ఎవ్వరు చేస్తలేరు. బయటి కంపెనీ అల్లాయ్ చక్రాలు ఏస్త. జర పెద్దగుంటయి, గంతే."

వేశాడు. స్టీరింగు పూర్తిగా తిప్పితే కొత్త టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకుంది. అంచును వేడిచేసి లోపలికి మడిచాడు. మళ్లీ తిప్పితే చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడానికే రామేశ్వర్ కళ్లు చెమర్చాయి.

అక్కడి నుంచి నేరుగా ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ రామేశ్వర్ చట్టానికి లోబడే మనిషి (వేరే దురలవాట్లు లేవు). కారును మహేశ్వర్ దుకాణంలోనే ఉంచి, చక్ర మార్పిడి ధ్రువీకరణ కార్యాలయానికి వెళ్లాడు. అక్కడి చక్ర పరిశీలనాధికారి సీతారామారావు గారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మర్యాదస్తులు. ఎవరినీ నిలబెట్టి కుదరదనరు. కూర్చోబెట్టి అంటారు.

"ముందు పాత టైర్లతో బండి చూపించాలండి. అప్పుడే కదా మార్పు తెలిసేది."

"అవి పలిగినయి సార్."

"పగిలిన టైర్లతో రోడ్డెక్కడం నేరమండి."

"మరి కొత్తయి ఏసుకొనే వస్త."

"అనుమతి లేకుండా అదీ నేరమేనండి."

"మరెట్ల తేవాలె సార్?"

సీతారామారావు గారు నిబంధనల పుస్తకం చివరి పేజీ దాకా తిరగేశారు. "రోడ్డు మీద కాకుండా తీసుకురండి."

మళ్లీ ట్రాక్టరు వచ్చింది. కారుకు కొత్త చక్రాలు, దాని పక్కన పాత చక్రాలు. పరిశీలన సంతృప్తికరంగా ముగిసింది. ఇక మిగిలింది అనుమతి ఇచ్చే యాప్. అది అడిగింది చిన్న విషయమే: కారు నాలుగు చక్రాలూ ఒకే ఫొటోలో కనిపించాలి.

రామేశ్వర్ ముందు నుంచి తీశాడు. కార్యాలయం గోడెక్కి తీశాడు. సిమెంటు రంగు చొక్కాతో మట్టిలో పడుకొని తీశాడు. ఎటు నుంచి చూసినా ఏదో ఒక చక్రం సగమైనా దాక్కుంది.

"చక్రాలు కారుకి అటూ ఇటూ ఉండడం వల్ల వస్తున్న ఇబ్బందండి ఇది" అని సీతారామారావు గారు నిష్పక్షపాతంగా గుర్తించారు.

చివరికి మహేశ్వర్‌ను పిలిపించి, కారును ఇటుకల మీద నిలిపి, చక్రాలు విప్పి, కారు ముందు వరసగా పేర్చి ఫొటో తీశారు. యాప్ ఆమోదించింది. ఆ వెంటనే మరో సందేశం పంపింది: "మీ వాహనానికి చక్రాలు లేవు. చక్రాలు లేని వాహనానికి చక్రాలు బిగించడం మార్పిడి కాదు, తయారీ. దయచేసి కార్ల తయారీదారుగా నమోదు చేసుకోండి."

"సిమెంటు అమ్ముకునేటోన్ని సార్. నేను కార్లు తయారుచేసుడేంది?"

"అలా చిన్నబుచ్చుకోకండి. పెద్ద కంపెనీలన్నీ ఎక్కడో ఒకచోట మొదలైనవేనండి."

నమోదు పూర్తయ్యేదాకా కారు ఆవరణలో, చక్రాలు బీరువాలో ఉండాలన్నారు. వానలు పడ్డాయి. ఇటుకల చుట్టూ గడ్డి మొలిచింది. రామేశ్వర్ వచ్చినప్పుడల్లా కారు తుడిచి వెళ్లేవాడు.

ఒక సాయంత్రం అరుణాదేవి కూడా వచ్చింది. అతను తలుపు తీశాడు. ఆమె మోకాళ్లు పట్టుకొని మెల్లగా లోపలికి దిగి కూర్చుంది. అతను స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"జర తిప్పుర్రి" అంది.

తిప్పాడు. కింద తిరగడానికేమీ లేదు. ఆమె వైపు కార్యాలయం గోడ, దాని మీద ఆరేసిన వాచ్‌మన్ తువ్వాల. ఆమె అద్దం దించి చాలాసేపు అటే చూసింది.

"మంచిగున్నది" అంది. "నా పానం నిమ్మళమైంది. ఇగ ఫికర్ చెయ్యకుర్రి."

రామేశ్వర్ దిగి ఆమె వైపు తలుపు తీశాడు. ఆమెను సీట్లోంచి లేపడానికి అతనూ వాచ్‌మనూ చెరో చేయి పట్టాల్సి వచ్చింది.

ఇంటికి పోవడానికి రోడ్డు మీదికి వచ్చి షేర్ ఆటో ఆపారు. సాయిలు అనే అతను నడుపుతున్నాడు. మూడు టైర్లు మూడు సైజులవి. ముందుది గుండు గీయించినంత నున్నగా ఉంది. వెనక సీటు నిండి, మనుషులు ఒకరి మీద ఒకరు కూర్చున్నారు.

అరుణాదేవి వంగి ఆ టైరు చూసింది. "గీనికి పర్మిషన్ ఉన్నదా అన్నా?"

"దేనికవ్వా?" అన్నాడు సాయిలు, నిజంగానే అర్థంకాక.

డ్రైవరు సీటు మీద సగం, గాలిలో సగం కూర్చొని ఉన్న సీతారామారావు గారు ఆఫీసు బ్యాగు ఒళ్లోకి లాక్కొని కొంచెం బయటికి జరిగారు.

"త్వరగా ఎక్కండమ్మా, చీకటి పడుతోంది. దీనికి లైట్లు కూడా లేవు."