ఒక పసుపు లైటు, పన్నెండు కోడ్లు

శనివారం పొద్దున ఎనిమిదికి బయల్దేరితే పదకొండుకల్లా మదీనా చేరొచ్చని, అత్తగారు హోటల్లో కాసేపు నడుం వాల్చొచ్చని అబ్దుల్ ఘనీ అనుకున్నాడు. అత్త మదార్బీ రాయచోటి నుంచి విజిట్ వీసా మీద సౌదీలోని రాబిగ్‌కు, కూతురింటికి వచ్చి రెండు నెలలైంది. మంగళవారం తిరుగు ప్రయాణం. మదీనా మసీదులో ప్రవక్త సమాధి పక్కనున్న రౌజాలో నమాజు చేసుకోవాలన్నది ఆమెకు ఎన్నో ఏళ్ల కోరిక. దానికి ముందుగా ఫోన్లో పర్మిట్ తీసుకోవాలి. ఆమె కూతురు ఖాలిదా పద్దెనిమిది రోజులు నిద్ర లేస్తూనే ఫోన్ పట్టుకుని కూర్చుంటే, చివరికి ఆ శనివారం రాత్రి తొమ్మిదికి ఒక చోటు దొరికింది. అది తప్పితే ఇక లేనట్టే.

ఘనీ ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపర్. అతనికి పద్దెనిమిదేళ్ల నాటి డబల్ క్యాబిన్ పికప్ ఒకటి ఉంది. ఒక పక్క తలుపు వేస్తే రెండో పక్క తలుపు తెరుచుకునే రకం. అయినా దాన్ని ఏ వర్క్‌షాపు గడపా తొక్కనివ్వలేదు. ఫోన్లో రిపేరు వీడియోలు చూసీ చూసీ, రాబిగ్‌లోని మెకానిక్కులంతా తన తర్వాతే అన్న నమ్మకం అతనికి కుదిరిపోయింది.

సామాన్లు ఎక్కించి తాళం తిప్పగానే, డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది. ఇంజన్ స్టార్టయినా అది మాత్రం ఆరలేదు.

దారిలో వర్క్‌షాపులో చూపించుకుని పోదామని ఖాలిదా అంది. ఘనీ చిన్నగా నవ్వి, అగ్గిపెట్టెంత ప్లగ్గు ఒకటి జేబులోంచి తీశాడు. స్టీరింగ్ కింద దానికోసమే ఉన్న సాకెట్లో గుచ్చి, ఫోన్ తెరిచాడు.

"డాక్టరు గుండె మీద పెట్టి చూస్తాడే, అట్లాంటిది అత్తా ఇది. బండికి ఏం జబ్బో కోడ్ రూపంలో ఫోన్లోకి వస్తాది. పది నిమిషాల్లో పోతాము," అన్నాడు.

మదార్బీ గుమ్మం ముందు కుర్చీ వేయించుకుంది. పిట్టగోడకు అవతల ఆఫ్తాబ్ తన పికప్‌లో ఇంజన్ ఆపకుండా, ఏసీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. పెషావర్ మనిషి. పక్క వాటాలో ఒకే గదిలో నలుగురు ఉంటారు కాబట్టి, రోజూ పొద్దున భార్యతో ఫోన్లో మాట్లాడుకోవడానికి అతనికి బండే ఏకాంతం. మదార్బీని చూసి అద్దం దించి సలాం చెప్పాడు. ఆ రోజు తన బండికి ఫహస్ ఉందనీ, ఏడాదికోసారి చేయించాల్సిన ఆ తనిఖీలో ఇప్పటికే రెండుసార్లు తప్పిందనీ, దువా చెయ్యమనీ అడిగాడు. ఆమె అప్పటికప్పుడే రెండు చేతులూ ఎత్తింది.

ఈలోగా ఘనీ ఫోన్లోకి మూడు కోడ్లు వచ్చాయి. మొదటిది ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచే సెన్సర్‌ది. ఘనీ ఆ సెన్సర్ ఊడదీసి, తుడిచి, నేల మీద పరిచిన దుప్పటి మీద పెట్టి మళ్లీ చూశాడు. కోడ్ అలాగే ఉంది. రెండోది స్పార్క్ కాయిల్‌ది. నాలుగు కాయిళ్లూ దుప్పటి మీదికి చేరాయి. కోడ్ కదల్లేదు. మూడోది పొగగొట్టంలోని సెన్సర్‌ది. దానికోసం బండి కిందకు దూరి, అరగంట తర్వాత వేరే రంగు మనిషిగా బయటికి వచ్చాడు. మూడు కోడ్లూ మూడు చోట్లా క్షేమంగా ఉన్నాయి.

ఫోన్ పట్టుకుని నిలబడ్డ ఖాలిదా సందేహంగా అడిగింది.

"ఇంజన్ నిమిషానికి ఎనిమిది వందల చుట్లు తిరుగుతాందని ఉండాదే ఇందులో. మీరు ఆపేసినారు కదా?"

ఘనీ తన చేతిలో ఉన్న తాళంచెవి వైపు చూశాడు. విప్పిన కాయిళ్ల వైపు చూశాడు. బండి కంప్యూటర్‌కే మతి చలించిందని తేల్చి, బ్యాటరీ వైరు పీకేశాడు. ఫోన్లో ఇంజన్ ఎనిమిది వందల దగ్గర హాయిగా తిరుగుతూనే ఉంది.

"బ్యాటరీ పీకినా తిరుగుతాందంటే ఇది మామూలు బండి కాదు నాయనా," అని మదార్బీ కుర్చీని రెండడుగులు వెనక్కి జరుపుకుంది.

బ్యాటరీ మళ్లీ తగిలించి, ఇక చివరి అస్త్రంగా ఘనీ ఫోన్లో కోడ్లు చెరిపేసే బటన్ నొక్కాడు. బండిలో ఏ లోపమూ లేదని ఫోన్ ఆకుపచ్చ అక్షరాల్లో చెప్పింది. తాళం తిప్పి డ్యాష్‌బోర్డు మీద చూస్తే, పొద్దున ఒకటే ఉన్న లైటుకి ఇప్పుడు మరో మూడు తోడయ్యాయి. ఘనీ నిదానంగా ఆలోచించాడు. ఫోన్ బాగుందంటోంది, డ్యాష్‌బోర్డు బాగాలేదంటోంది. ఫోన్ కొత్తది, డ్యాష్‌బోర్డు పాతది. కాబట్టి అబద్ధం ఆడుతున్నది డ్యాష్‌బోర్డే. అతను స్క్రూలు విప్పి మీటర్ల పలక మొత్తం ఊడదీసి, దుమ్ము పడకుండా పట్టుకోమని అత్తగారి ఒళ్లో పెట్టాడు.

పదకొండు దాటింది. ఆఫ్తాబ్ మాటలు ముగించి, చెయ్యి ఊపి ఫహస్‌కి బయల్దేరాడు. అతని బండి సందు మలుపు తిరిగిందో లేదో, ఘనీ ఫోన్లో కనెక్షన్ తెగిపోయింది. ఒక్క నిమిషం వెతుక్కుని మళ్లీ కలిసింది. వెంటనే కోడ్లు రావడం మొదలైంది. ఒకటి, మూడు, ఏడు. పన్నెండు దగ్గర ఆగింది.

ఖాలిదా ఫోన్ వైపు కాక, పిట్టగోడ అవతల ఖాళీ అయిన చోటు వైపు చూసింది.

"ఇట్లాంటి ప్లగ్గులు మీరు రెండు తెప్పించినారు. రెండోది ఎవరికిచ్చినారు?"

ఘనీ కూడా గోడ అవతలికి చూశాడు. రెండోది ఆర్నెల్ల కిందట ఆఫ్తాబ్‌కే ఇచ్చాడు. ఇదే ఫోన్‌తో అతని బండిలో ఒకసారి పెట్టి చూపించాడు కూడా. దాన్ని గుచ్చి ఉంచితే చాలు, తావీదులా బండిని కాపాడుతుందనుకుని ఆఫ్తాబ్ అందులోనే వదిలేశాడు. రెండు ప్లగ్గులకూ పేరు ఒకటే. ఫోన్ తన పాత పరిచయాన్నే వెతుక్కుని, పొద్దుటినుంచీ గోడ అవతలి బండి జబ్బులు చెబుతోంది. ఘనీ గోడ ఇవతలి బండికి ఆపరేషన్లు చేస్తున్నాడు. ఇప్పుడొచ్చిన పన్నెండు కోడ్లూ అతను ఊడదీసిన వాటివే. పొద్దున లైటు ఎందుకు వెలిగిందో చెప్పే అసలు కోడ్ బ్యాటరీ పీకినప్పుడే చెరిగిపోయింది.

అతను దుప్పటి పక్కన నేల మీద కూలబడి, ఏం జరిగిందో అత్తగారికి దాచకుండా చెప్పాడు. అవన్నీ బిగించాలంటే సాయంత్రం దాటుతుంది. అంత దూరం టాక్సీ తన తాహతుకు మించింది కాబట్టి, తెలిసిన నలుగురికి ఫోన్ చేశాడు. ఒకరి బండి జిద్దాలో ఉంది, మిగతావాళ్లు డ్యూటీలో ఉన్నారు. మదార్బీ తిట్టలేదు.

"పోనీలే నాయనా. నాకు రాసిపెట్టి ఉంటే పోతాను," అంది. ఒళ్లోని మీటర్ల పలకను కొంగుతో తుడుస్తూ కూర్చుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని ఘనీకి అనిపించింది.

ఒంటిగంటకు ఆఫ్తాబ్ హారన్ కొట్టుకుంటూ తిరిగొచ్చాడు. దిగీ దిగగానే మిఠాయి డబ్బా తెచ్చి మదార్బీ చేతిలో పెట్టాడు. తన బండిలో ఆర్నెల్లుగా వెలుగుతున్న లైటు ఈ పొద్దున, ఎవరూ ముట్టుకోకుండానే, తన కళ్ల ముందే ఆరిపోయిందట. ఫహస్ పాసయిందట. మదార్బీని పిన్ని వరసలో ఖాలా అని పిలుస్తూ, అంతా ఆమె దువా మహిమేనని ఉర్దూలో మూడుసార్లు చెప్పాడు. ఘనీ నోరు తెరిచాడు. ఖాలిదా అతని వైపు ఒక చూపు చూసింది. తెరిచిన నోట్లో ఒక లడ్డూ వేసుకుని ఊరుకున్నాడు.

సంగతి విన్న ఆఫ్తాబ్, ఖాలాను మదీనాకు తీసుకుపోయే పుణ్యం తనకే కావాలని పట్టుబట్టి, సామాన్లన్నీ తన బండిలోకి తానే మార్చాడు. నలుగురూ అందులోనే బయల్దేరారు. దారిలో బద్ర్ ఊరు దాటాక అతని డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు మళ్లీ వెలిగింది. ఘనీ చెయ్యి అలవాటుగా ఫోన్ కోసం జేబులోకి పోయింది. ఫోన్ అప్పటికే ఖాలిదా చేతిసంచిలో ఉంది. ఎవరూ ఏమీ చెయ్యలేదు కాబట్టి బండి ఇబ్బంది లేకుండా సాయంత్రం అస్ర్ నమాజు వేళకు మదీనా చేరింది. మదార్బీ పర్మిట్‌లో ఉన్న సమయానికి రౌజాలోకి వెళ్లి, తృప్తిగా ఏడ్చి, బయటికి వచ్చింది.

మర్నాడు పొద్దున హోటల్ నుంచి రాయచోటిలోని చెల్లెలు హాజిరాకు ఫోన్ చేసి అన్నీ వివరంగా చెప్పింది. అల్లుడు రిపేరు పని బాగా చేస్తాడంట కదా అని హాజిరా అడిగింది.

"శానా బాగా చేస్తాడు," అంది మదార్బీ, "ఆయన ముట్టుకోని బండ్లన్నీ బాగైతాయి."