సప్పలమ్మ సమ్మతి పత్రం

మదనపల్లె సభలో మంత్రి సుదర్శనప్పగారు చారిత్రక ప్రకటన చేశారు. పుంగనూరు నుంచి కుప్పం పోయే దారిలోని వెయ్యెకరాల బీడు ఆ రోజు నుంచి తొంభై తొమ్మిదేళ్లు ఒక విదేశీ కంపెనీ ఏలుబడిలో ఉంటుంది.

"కంచె లోపల వాళ్ల చట్టం, వాళ్ల టైము, వాళ్ల సెలవులు. నేను పోవాలన్నా వాళ్ల పర్మిషన్ కావాల!" అని ఆయన గర్వంగా ఛాతీ విరిచారు. స్వాతంత్ర్యం తెచ్చినవాళ్లకు కూడా అన్ని చప్పట్లు పడి ఉండవు. ఆ వార్త రాసింది పుంగనూరు విలేకరినైన నేనే. కంపెనీ ఏ దేశానిదని అడిగితే, "పెద్ద దేశం" అన్నారు మంత్రిగారు.

కంచె వేయడం పూర్తయ్యాక చిన్న సాంకేతిక సమస్య బయటపడింది. లోపల సప్పలమ్మ ఉండిపోయింది. పశువులను కాపాడే దేవత. గుడీ గోపురమూ లేవు, తుమ్మచెట్టు కింద మోకాలెత్తు రాయి. గొర్రెలు కాచుకునే చిక్కమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి ప్రతి మంగళవారం అక్కడ దీపం పెడుతోంది. ఆ మంగళవారమూ వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ మునిరాజ ఆపాడు. ఆమె ఊరివాడే.

"యాడికవ్వా?"

"సప్పలమ్మ కాడికి."

"రిజిస్టర్లో రాయాల. ఏ డిపార్ట్‌మెంటు ఆయమ్మది?"

"గొర్రెలు, ఆవులు."

"ఆయమ్మ ఫోన్ చేసి ఓకే అంటేనే నిన్ను లోపలికి పంపేది."

"నువ్వు పుట్టినప్పుడు మీయమ్మ ఆడనే మొక్కు తీర్చింది గదరా. అప్పుడు ఫోన్ చేసిందా?"

మునిరాజ తల దించుకున్నాడు గానీ గేటు తెరవలేదు. చిక్కమ్మ కంచె వెంబడే నడిచి, కుక్కలు తవ్విన సందులోంచి దూరి, దీపం పెట్టి వచ్చింది. నాలుగు వారాలు అలాగే సాగింది.

అయిదో వారం కంపెనీ పేరు మీద, సంతకం లేని సర్క్యులర్ వచ్చింది. కంచె లోపల కంపెనీ ఛైర్మన్‌గారికి తప్ప మరెవరికీ, ఏ దేవుడికీ నమస్కారం చేయరాదు. తహసీల్దారుగారు ఆ నిమిషమే జేబులోని వెంకన్న ఫొటో తీసేసి ఛైర్మన్ ఫొటో పెట్టుకున్నారు. పరిపాలన అంటే అదీ!

చిక్కమ్మ మాత్రం దీపం మానలేదు. మంత్రిగారు స్వయంగా ఆమె ఇంటికి దయచేశారు.

"అవ్వా, కుప్పంలో సప్పలమ్మకు ఏసీ గుడి కట్టిస్తా. పాలరాతి విగ్రహం పెట్టిస్తా. అమ్మవారు మారేదానికి ఒప్పుకున్నారని ఈడ వేలిముద్ర వెయ్యి."

"ఆయమ్మ ఒప్పుకోలేదే సామీ."

"నువ్వు అడిగినావా?"

"ఇల్లిడిసి పొమ్మని దేవర్ని యాల అడిగేది?"

"దొరలకు కోపమొస్తాదవ్వా!"

"రానీ సామీ. వాళ్లది తొంభై తొమ్మిదేండ్లే గదా."

మర్నాడు ఆమె గొర్రెలు ఇరవై రెండూ బందెలదొడ్డికి చేరాయి. కంపెనీ గడ్డి మేశాయని నేరం. చిక్కమ్మ దొడ్డి బయట కూర్చుంది. లోపల ముందురోజే ఈనిన గొర్రె నీళ్లు లేక, దాని పిల్ల పాలు లేక అరుస్తున్నాయి. ఆమె కళ్ల నీళ్లు ఆగలేదు. తహసీల్దారుగారు కాగితం, ఇంకు ప్యాడు ముందు పెట్టి, "వేలిముద్ర వేసి తోలుకుపో అవ్వా" అన్నారు. ఆమె బొటనవేలి వంక చాలాసేపు చూసుకుంది. తర్వాత చెయ్యి కొంగులో దాచుకుంది.

"నా చేత్తో ఆయమ్మని పొమ్మనలేనప్పా."

ఆ వార్త నేను రాయలేదు. ఆ రోజు మంత్రిగారి పుట్టినరోజు. పేజీ నిండిపోయింది.

రెండు రోజులకు ఛైర్మన్‌దొర దిగాడు. మంత్రిగారు సగానికి వంగి, "తమరి ఉత్తర్వు అమలు చేశాం. ఒక్క ముసలామె తప్ప కంచె లోపల ఎవరూ దేవుడికి మొక్కడం లేదు" అని దుబాసీ చేత చెప్పించారు.

దొర అయోమయంగా చూశాడు. ఏదో అన్నాడు. దుబాసీ గొంతు సవరించుకున్నాడు.

"ఏ ఉత్తర్వు అని అడుగుతున్నారు. వారేమీ ఇవ్వలేదట. ఆ రాయికి ప్లాన్‌లో ముందే జాగా వదిలారట."

మంత్రిగారికి కోలుకోవడానికి అర నిమిషం పట్టింది. నాయకుడంటే ఆయన. మైకు అందుకుని, "విదేశీ శక్తుల మెడలు వంచి సప్పలమ్మను కాపాడుకున్నా!" అని గర్జించారు. అక్కడున్నవాళ్లు ఆయనకే శాలువా కప్పారు. 'ధర్మవీర' బిరుదు ఇచ్చారు. సాయంత్రానికి గొర్రెలను వదిలేశారు. పిల్ల బతికే ఉంది.

మంగళవారం మంత్రిగారి చేతుల మీదుగా తొలి పూజ. భద్రతా కారణాల వల్ల భక్తులను గేటు బయటే ఆపారు. చిక్కమ్మ దీపం పట్టుకుని కంచె ఇవతల, నా పక్కనే నిలబడింది. లోపల మంత్రిగారు రాయికి పసుపు పూసి, కుండలకొద్దీ పాలు పోసి, పొర్లుదండాలు పెట్టారు. కెమెరాలు క్లిక్కుమన్నాయి. చిక్కమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

"ఏమవ్వా?"

"సప్పలమ్మ ఆ పక్క తుమ్మచెట్టు కింద ఉండాదప్పా. ఈయప్ప మొక్కేది సర్వే రాయికి."

నిజమే. పాలు కారి పసుపు కరిగిన చోట నంబరు కనిపిస్తోంది.

"అయ్యో, చెప్పొద్దా మరి?"

"యాల చెప్పేది? మనసు పెట్టి మొక్కుతాండాడు, సూడు."