డెబ్బై సెంటీమీటర్ల గులాబీ

ప్రేమికుల రోజును ఎవరు కనిపెట్టారో గానీ, ఆ మనిషికి నడుంనొప్పి లేదని మాత్రం కచ్చితంగా చెప్పగలను. తళి ఊరి దగ్గర గులాబీల షెడ్డులో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాం, నేనూ మా ఆవిడ మారక్కా. నేను కోసిన పూలు తెచ్చి బల్ల మీద పెడతాను. ఆమె తలకు గుడ్డ కట్టుకుని, కాడ పొడవు చూసి గ్రేడు చేస్తుంది. ఫిబ్రవరి వచ్చిందంటే దేశదేశాల ప్రేమంతా మా చేతుల మీదుగానే పోవాలి. ఇంటికెళ్ళాక మాకు మిగిలేది ఆవలింతలు.

అలా ఆవలిస్తూనే ఒక సాయంత్రం అడిగింది.

"ఏమప్పా, ఇన్ని లచ్చల పూలు మోసినావే, నాకు ఒకటన్నా ఇచ్చినావా?"

"నీకు పూలంటే విసుగు కదే."

"పూలంటే విసుగే. ఇస్తే విసుగని ఎప్పుడు చెప్పినాను?"

ఆ తర్వాత వారం రోజులు నాతో మాటల్లేవు. సంగటి కంచం మాత్రం నా ముందుకు జరిగేది, అదీ చల్లారాక. తిడితే పడతాను గానీ, ఇంట్లో ఆమె గొంతు వినపడకపోతే నాకు ముద్ద దిగదు.

చేతికివ్వడానికి ఈ వయసులో సిగ్గు. అందుకని ఒక ఉపాయం పన్నాను. కాడకు ఎర్రదారం కట్టి, ఆమె బల్ల మీది పూలలో ఒక గులాబీ పెడితే తానే అర్థం చేసుకుంటుంది.

మొదటిరోజు నలభై సెంటీమీటర్ల పూవు పెట్టాను. దాని మెడ కాస్త వంగింది. మంచిది తీస్తే మేనేజర్ లింగప్ప ఊరుకోడు. జేబులో స్కేలు లేనిదే టీ కూడా తాగని మనిషి. మారక్క ఆ పూవు అందుకుంది, పనికిరాని పూల తొట్టిలో పడేసింది.

మరునాడు యాభై, రేకు మీద చిన్న మచ్చ. తొట్టిలోకే. ఆ మరునాడు అరవై, ఆకులకు పురుగు పట్టింది. అదీ తొట్టిలోకే.

మనిషి బుద్ధి చూడండి. మనసులో ప్రేమ ఎంతైనా ఉండనీ, ఇచ్చే వేళకు చేయి పక్కన పడేసిన వాటి మీదికే పోతుంది.

నాలుగోరోజు తెగించాను. డెబ్బై సెంటీమీటర్లు, మచ్చ లేదు, వంకర లేదు. పెట్టి, నీళ్ళ బకెట్టు తెచ్చేలోపు పూవు మాయం. తొట్టిలోనూ లేదు. ఇరవై పూల కట్టలో కట్టేసి పెట్టెలోకి పంపేసిందన్నమాట. నా ప్రేమ సింగపూరుకు బయలుదేరింది.

వ్యాను వచ్చేలోపు వెతకాలి. ఒక పెట్టె విప్పాను, నాలుగు విప్పాను. పదకొండోది విప్పుతుంటే వెనక లింగప్ప.

"ఏం చేస్తా ఉండావప్పా ఈడ?"

"గ్రేడు సరిగా ఉందా అని చూస్తా ఉండాను సార్."

"ఎవరి గ్రేడు?"

"మారక్కది."

నోట్లోంచి వచ్చేసింది, ఏం చేయను. షెడ్డులో కత్తెరలన్నీ ఆగిపోయాయి.

"ఏమ్మా మారక్కా, నీ పని సరిగా లేదంటాడే నీ మొగుడు."

"అట్లయితే ఆయప్పనే చేయనీ సార్. నేను కూర్చుంటా."

పదకొండు పెట్టెలూ నా ముందు కుమ్మరించారు. మారక్క స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుని, తీరిగ్గా తలగుడ్డ విప్పింది. కొప్పులో గులాబీ ఉంది, కాడ తుంచేసి, ఎర్రదారంతో సహా.

"నీకు తెలుసునా?" అన్నాను, గొంతు తగ్గించి.

"మొదటిరోజే తెలిసె. ఆ దారం నా కుట్టుపెట్టెలోది కదప్పా."

"మరి మూడు పూలు పారేసినావే?"

"నేను ఏ గ్రేడో నీ చేతనే తేలనీ అని చూసినాను."

తల వంచుకుని పూలు ఏరుకున్నాను. నడుం విరిగిపోతోంది. అయినా వారం తర్వాత ఇంత మాట్లాడింది కదా అని లోపల్లోపల సంతోషం. ఆ ధైర్యంతో, రాత్రికి సంగటి వేడిగా పెడతావా అని అడిగాను.

"ముందు కట్టలు సరిగా కట్టు. ఆ కట్టలో పంతొమ్మిదే ఉండాయి."

లెక్కపెట్టాను. పంతొమ్మిదే ఉన్నాయి.