బీరమ్మ కొట్టం మీది కారణాలు

దేశం యుద్ధం ఎందుకు చేస్తున్నదో చేవెళ్ల నియోజకవర్గంలో తెలియని మనిషి ఒక్కరు కూడా మిగలకూడదని ధనరాజ్ గారు మొయినాబాద్‌లో మైకు పట్టుకుని ప్రకటించారు. గడువు కూడా పెట్టారు. నెలాఖరు శుక్రవారం.

ధనరాజ్ గారు సామాన్యులు కాదు. యుద్ధ కారణాల ప్రచార కమిటీకి నియోజకవర్గ కన్వీనర్. జనానికి కారణం బాగా ఎక్కిస్తే మార్కెట్ కమిటీ చైర్మన్ పదవి ఖాయమని హైదరాబాద్‌లోని పార్టీ ఆఫీసు మాటిచ్చింది. ఆయనకు మాత్రం పదవి మీద ధ్యాస లేదు. చైర్మన్ అని విజిటింగ్ కార్డులు కొట్టించుకున్నది ఊరికే, ముందుజాగ్రత్తకు.

కారణం పార్టీ ఆఫీసు నుంచి వాట్సాప్‌లో వచ్చేది. వచ్చిన గంటలో చేవెళ్ల బస్టాండ్ ఎదుట ఫ్లెక్సీలు కొట్టే శ్రీశైలం అనే అతని షాపులో ఇరవై అడుగుల ఫ్లెక్సీ తయారయ్యేది. మొదటిది, "వాళ్లు మన మీదికి రాబోతున్నారు, అందుకే మనమే వెళ్లాం." కింద ధనరాజ్ గారి నవ్వు మొహం.

తొమ్మిది రోజులకు, వాళ్లు రాబోవడం లేదని తేలింది. ఇంకొకరైతే తడబడేవారు. ధనరాజ్ గారు పొద్దున తొమ్మిదింటికల్లా రెండోది కట్టించారు. "ఆ దేశపు ఆడపడుచుల విముక్తి కోసం." ఆ ఆడపడుచుల ఊళ్ల మీదే మన బాంబులు పడ్డ వీడియో బయటికి రాగానే మూడోది వచ్చింది. "మన నదుల నీళ్ల కోసం." ఆ నదులు ఇటునుంచే అటు పారుతున్నాయని ఒక రిటైర్డ్ మాస్టారు హోటల్లో అనేసరికి నాలుగోది. "శాశ్వత శాంతి కోసం."

దింపిన ఫ్లెక్సీలన్నీ, గాలికి ఊడిపడ్డ నాలుగోదాంతో సహా, కనకమామిడి ఊరి బీరమ్మ పట్టుకుపోయేది. టమాటాలు అమ్ముకోవడానికి చేవెళ్ల వచ్చి, పోయేటప్పుడు చుట్ట చుట్టి ఆటోలో వేసుకునేది. ఆమెకు రోడ్డు పక్కన రెండెకరాలు, మూడు బర్రెలు, కారుతున్న కొట్టం ఉన్నాయి. ఒక్కడే కొడుకు జయరాజ్ మిలిటరీలో లారీ డ్రైవర్. ఇప్పుడు సరిహద్దు అవతల ఉన్నాడు. 'జవాను తల్లికి నీడనిచ్చిన నాయకుడు' అని ధనరాజ్ గారు ఆమె పక్కన ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టారు.

మా వైపు కొట్టం మీద ఫ్లెక్సీ కప్పేవాళ్లు అక్షరాలు లోపలికి వేస్తారు. కాకి రెట్ట నాయకుడి మొహం మీద పడితే రేపు పెన్షన్ దగ్గర ఇబ్బంది. బీరమ్మ అక్షరాలు బయటికి వేసింది. అదీ వచ్చిన వరుసలో, ఒకదాని పక్కన ఒకటి, రోడ్డు మీదికి కనపడేటట్టు. ఫాంహౌస్‌లకు పోయే కార్లు ఆగి ఫొటోలు తీసుకోసాగాయి. ధనరాజ్ గారు ఒకే కొట్టం మీద నాలుగుసార్లు నవ్వుతున్న ఫొటో రాష్ట్రమంతా తిరిగి హైదరాబాద్ ఆఫీసుకు కూడా చేరింది.

ధనరాజ్ గారు ఎస్సై ఈశ్వరయ్యను వెంటబెట్టుకుని వెళ్లారు. ఎస్సై నాలుగూ చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"ఇందుల తప్పు మాట ఏది అన్నా?" అని ధనరాజ్ గారిని అడిగాడు.

"ఏ మాటా తప్పు కాదు. అన్నీ మనయే. వరుసగ చదివితెనే తప్పు."

"అంటే కేసు చదివినోళ్ల మీద పెట్టాల్నా?"

అందరికంటే శ్రద్ధగా చదివింది ఎస్సైయే కాబట్టి ధనరాజ్ గారు ఆ దారి వదిలేశారు. గడ్డి మోపుతో వచ్చిన బీరమ్మ వైపు తిరిగారు.

"అవ్వా, అక్షరాలు లోపటికి తిప్పు."

"లోపటికి తిప్పితే బర్రెలు చదవాలె బిడ్డా. వాటికేం ఎరుక."

"అసలు గిట్ల ఎందుకు చేసినవు?"

బీరమ్మ మోపు దించింది. "మావోడు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తడు. ఎందుకొచ్చినమే అవ్వా, ఊళ్లె ఏమంటున్నరు అని అడుగుతడు. ఆడ ఎవ్వలు చెప్తలేరట. నేను చర్చికి పోయొచ్చి, నువ్వు కట్టింది చూసి చెప్తున్న. పోయిన వారం చెప్పింది ఈ వారం కాదంటి. వాడు నవ్విండు. సరే అవ్వా, ఖాయమైనంక చెప్పు, అందాంక బండి నడుపుతుంట అన్నడు. నాకైతే నవ్వు రాలే."

ధనరాజ్ గారికి ఇందులో ద్రోహం కనిపించలేదు, అవకాశం కనిపించింది. శుక్రవారం మొయినాబాద్ సభకు మంత్రిగారు వస్తున్నారు. జవాను తల్లి మైకులో ఒక్క ముక్క చెప్పాలి, నా కొడుకు ఎందుకు కొట్లాడుతున్నాడో నాకు ఎరుకేనని. బీరమ్మ ఒప్పుకుంది. ఆ ఎందుకో మంత్రిగారు తన నోటితో చెప్పాలి, మళ్లీ మార్చకూడదు, అంతే ఆమె షరతు.

సభకు ముందు రోజు ఐదోది వచ్చింది. "ఇంత దూరం వచ్చాక వెనక్కి తగ్గితే పరువు పోతుంది." ధనరాజ్ గారికి అన్నిటికంటే ఇదే నచ్చింది. ఇది అబద్ధమని ఎవడూ తేల్చలేడు.

బీరమ్మ మైకు పట్టుకుంది.

"నా కొడుకు లారీ నడుపుతడు సారూ. ఎందుకోసమో ఒక్కటి చెప్పుండ్రి, ఎల్లుండి వానికి చెప్పాలె. పరువు కోసమైతే ఎవ్వరి పరువో గది గూడ చెప్పుండ్రి. మాదైతే కాదు. మాకు గా దేశంతోని లడాయి లేదు."

మంత్రిగారు తన ముందున్న మైకును చేత్తో మూసి ధనరాజ్ గారి వైపు వంగారు. "ఇప్పుడు ఏది నడుస్తున్నదయ్యా?"

"పరువు సార్."

"పరువు పొద్దున్నే ఆపేసిండ్రు సార్," అన్నాడు పీఏ ఫోన్ చూస్తూ. "కొత్తది ఇంక రాలే."

మంత్రిగారు అనుభవజ్ఞులు. లేచి నిలబడి, యుద్ధ కారణం దేశ రహస్యమనీ, రహస్యాలు అడిగేవాళ్లు ఎవరి మనుషులో ప్రజలకు తెలుసుననీ చెప్పారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ధనరాజ్ గారే. ఆ తర్వాత బీరమ్మ చేతిలోని మైకును రెండు చేతులతో, ఎంతో గౌరవంగా లాక్కున్నారు.

ఆదివారం ఫోన్ రాలేదు.

మంగళవారం జయరాజ్ ఫొటో శ్రీశైలం షాపుకు వచ్చింది. వంతెన మీద లారీ పేలిపోయిందట. ధనరాజ్ గారు నిజంగానే బాధపడ్డారు. అంత బాధలోనూ తన ఫొటో సైజు సగానికి తగ్గించమన్నారు.

"అన్నా, 'కోసం ప్రాణాలిచ్చిన వీర జవాన్' అని టైపు చేసిన. 'కోసం' ముందల ఏం పెట్టాలె?" అని అడిగాడు శ్రీశైలం.

ధనరాజ్ గారు హైదరాబాద్‌ను అడిగారు. ఆగమన్నారు. శవపేటిక పదకొండింటికి చేరుతున్నది, ఆగితే ఎట్లా. రెండడుగుల జాగా ఖాళీగా వదిలి ప్రింటు కొట్టారు. కనకమామిడి చర్చి వెనక మట్టి ఇస్తున్నంతసేపూ ఆ ఫ్లెక్సీ గాలికి కొట్టుకుంటూనే ఉంది.

నాలుగు రోజులకు యుద్ధం ఆగిపోయింది. లక్ష్యాలన్నీ సాధించామని ప్రకటన వచ్చింది. ధనరాజ్ గారు చైర్మన్ అయ్యారు, కార్డులు వృథా కాలేదు. ప్రమాణ స్వీకారానికి మంత్రిగారు ఆ రోడ్డు మీదుగానే వస్తున్నారు, కొట్టం మీద ఐదోదాని పక్కన ఆరోదిగా జయరాజ్ ఫ్లెక్సీ వెలిసింది. ఖాళీ జాగా కార్లోంచి కూడా కనిపిస్తున్నది.

అదృష్టం కొద్దీ అప్పుడే హైదరాబాద్ నుంచి జవాబొచ్చింది. "అందుబాటులో ఉన్న ఏ కారణమైనా స్థానికంగా వాడుకోవచ్చు."

ధనరాజ్ గారు శ్రీశైలాన్నీ, నిచ్చెననూ, లావు మార్కర్‌నూ తీసుకుని వెళ్లారు.

"అవ్వా, ఏదైనా పెట్టుకోవచ్చన్నరు. నువ్వు ఏది చెప్తే గదే రాస్త."

బీరమ్మ పాలు పిండుతున్నది. తల ఎత్తలేదు.

"నువ్వే రాయి బిడ్డా. తెల్వనోళ్లు ఒక్కరు గూడ ఉండొద్దన్నవు గద."

ధనరాజ్ గారు నిచ్చెన ఎక్కారు. మార్కర్ మూత తీశారు. ఎడమ పక్కన ఐదు ఫ్లెక్సీల మీదినుంచి తన మొహాలు ఐదూ నవ్వుతున్నాయి. కుడి పక్కన జయరాజ్ ఉన్నాడు.

కింద శ్రీశైలం చాలాసేపు నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. చేతులు నొప్పి పుట్టాక అడిగాడు.

"మార్కర్ రాస్తలేదా అన్నా?"