భజనం తొక్కిన పచ్చిక

పొద్దున్నే టీ తాగి, కొత్త పొలంలో గడ్డి విత్తనం చల్లేసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి నడుం వాల్చాలని రామలు అనుకున్నాడు. అంతకు మించి దురాశ అతనికి లేదు. కానీ ఒక మనిషి తన పని తాను చేసుకుంటూ ఉంటే సముద్రం నడుమ చెరుకు దీవిలోని బాన్ అక్యూయ్ ఊరు ఊరుకోదు.

పొలమంటే పెద్ద పొలమేమీ కాదు. రాళ్లున్నాయని చక్కెర తోటవాళ్లు అతనికి అమ్మి వదిలించుకున్న ఏటవాలు నేల చెక్క. చుట్టూరా తోట యజమాని దొరగారి చెరుకే. ఇన్నేళ్లూ రామలు ఆ చెరుకు గట్ల మీద గడ్డి కోసి, మోపు నెత్తిన పెట్టుకుని, పాకలో కట్టేసిన గవిరి ముందు వేసేవాడు. గవిరి అతని ఒక్కగానొక్క ఆవు. ఈమధ్య తోటలో కూలీల మీద పెత్తనం చేసే సర్దారు వచ్చి, గట్టు మీద గడ్డి కూడా దొరగారిదేనని చెప్పి మోపు విప్పి పారేయించాడు. మరి వాన ఎవరిదని రామలు అడగలేదు. అడిగితే దానికీ ఏదో ఒక జవాబు ఉండే ఉంటుంది.

"మేత లేని ఆవు మనకెందుకయ్యా?" అంది అతని భార్య అమ్మాయమ్మ. "దీవికి ఆ కొసన షెమాన్ గ్రెనియేలో మా తమ్ముడింటికి తోలించెయ్. దాని డొక్కలు సూడలేకపోతన్నాను."

"మీ తమ్ముడు పాలు తాగాల, నాను నల్ల టీ తాగాల! అదేటి కుదరదు. నా గడ్డి నానే పండిస్తాను!"

పక్కింటి మార్సెల్‌ని వెంటబెట్టుకుని ఫ్లాక్ పట్నంలో విత్తనాల దుకాణానికి వెళ్లాడు. మార్సెల్ ఒకప్పుడు తోటలో గుర్రాల శాల చూసేవాడు. అందుచేత మేత సంగతి తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం. దుకాణదారు డబ్బాలు తెరిచి ఎర్రపువ్వు క్లోవరు, తెల్లపువ్వు క్లోవరు, రకరకాల గడ్డి విత్తనాలు బల్ల మీద పోశాడు. క్లోవరంటే మూడాకుల మొక్క, పశువులకి బలం.

"ఎర్రది తీసుకో, రామలు. గుర్రాలకి ప్రాణం," అన్నాడు మార్సెల్.

"నాది గుర్రమా? ఆవు!"

"కాళ్లు నాలుగే కదా!"

"ఎర్రది నిటారుగా పెరుగుతుంది, గిట్టల కింద నలిగితే చచ్చిపోతుంది," అన్నాడు దుకాణదారు విసుగ్గా. "తెల్లది నేల మీద పాకుతుంది. ఎంత తొక్కితే అంత పాకుతుంది. కాకపోతే ఒట్టి క్లోవరు మేస్తే ఆవు పొట్ట ఉబ్బిపోతుంది. గడ్డి ఎక్కువ, క్లోవరు తక్కువ కలిపి చల్లు. విత్తనం ఆవగింజలో పావంత ఉంటుంది, లోతుగా పడితే మొలవదు. పైపైన చల్లి, రోలరుతో నేలని గట్టిగా అణిచెయ్యాలి. అణచకపోతే చీమలు మోసుకుపోతాయి. రోలరు లేకపోతే గొర్రెల మందని తోలు."

రోలరు ఉన్నది దొరగారి దగ్గర. గొర్రెల మంద ఉన్నది ఎక్కడో ఫ్రాన్సు దేశంలో. రామలు తెల్ల క్లోవరు, గడ్డి విత్తనాల సంచి భుజాన వేసుకుని, దేశాన్నీ దొరనీ గొర్రెల్నీ కలిపి తిట్టుకుంటూ ఇంటికి నడిచాడు. దారిలో భజన గురువు అప్పయ్య ఇంటి ముందు ఆగిపోయాడు. లోపల రామభజనం సాధన జరుగుతోంది. తాళాలు పట్టుకున్న మగవాళ్లంతా దీపం చుట్టూ గుండ్రంగా తిరుగుతూ కాళ్లతో నేలని దబదబ బాదుతున్నారు. వాకిట్లో మట్టి బండలా అణిగిపోయింది.

గొర్రెలు ఊళ్లోనే ఉన్నాయి! ఇన్నాళ్లూ తనకి తోచలేదంతే.

"అప్పయ్య మామా, శనివారం పగలు నా కొత్త పొలంలో భజనం పెట్టాల," అన్నాడు.

"పొలంలోనా? ఏటిరా, మొక్కుందా?" అన్నాడు అప్పయ్య.

గడ్డి తొక్కించడానికని చెప్పడానికి నోరు రాలేదు. "ఉందనుకో," అన్నాడు రామలు. అదే కొంప ముంచింది.

శనివారం తెల్లారకముందే విత్తనాన్ని పొడి ఇసుకలో కలిపి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చల్లేశాడు. ఎండెక్కేసరికి భజన బృందం దిగింది. అప్పయ్య పొలం నడిమధ్యన దీపం పెట్టాడు. పాట ఎత్తుకున్నారు. పాదాలు లేచాయి, పడ్డాయి. రామలు గుండె ఉప్పొంగింది. కాసేపటికి చల్లబడిపోయింది. దీపం చుట్టూ ఒకే ఒక వలయం రోడ్డులా గట్టిపడుతోంది. మిగతా పొలం పొలంగానే ఉంది. అక్కడ చీమలు బారులు తీరుతున్నాయి.

"మామా, తిరిగినప్పుడు కొంచెం ఆ మూలకి కూడా ఎల్లండి."

"భజనంలో మూలలేటిరా? దీపం సుట్టూ గుండ్రం!"

"అయితే దీపాన్ని కొంచెం అటు జరుపు."

తాళాలు ఆగిపోయాయి. "ఎలిగించిన దీపాన్ని జరుపుతావా? నీకు దెయ్యం గాని పట్టిందా?" అన్నాడు అప్పయ్య.

రామలుకి ఒళ్లు మండింది. బృందానికి పులిహోర తనది, పొలం తనది, తొక్కుడు మాత్రం అప్పయ్య ఇష్టమా? చీమలు నడుస్తూనే ఉన్నాయి. ఉక్రోషంలో నోటికొచ్చింది అనేశాడు. "ఆ మూల నల్లరాయి సూశారా? సింహాద్రి అప్పన్న కల్లో కనిపించి అక్కడున్నానన్నాడు. అందుకే ఈ భజనం!"

జనం కదిలారు. నడిచారనడానికి లేదు, పరిగెత్తారు. ఆడవాళ్లు పసుపు తెచ్చారు, ఎదురింటి నాగమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఆ మూలంతా చక్కగా అణిగింది. ఆ ఫలితం చూసి రామలు ఆగలేకపోయాడు. "ఈ మూల రాయి దగ్గర కూడా ఉన్నానన్నాడు," అన్నాడు. తర్వాత కింది మూల. తర్వాత పై మూల. సూర్యుడు దిగేసరికి పొలంలో పాదం పడని జానెడు నేల లేదు. పసుపు పూయని రాయీ లేదు.

వానలు పడ్డాయి. పచ్చిక చూడాలి! గడ్డి మోకాలెత్తు, అడుగున మూడాకుల క్లోవరు పరుపులా పాకింది, తెల్లపూలు. అలాంటి మేత దొరగారి గుర్రాలు కూడా ఎరగవు. రామలు గవిరిని పలుపు పట్టుకుని తీసుకెళ్లాడు. పొలం గట్టున నాగమ్మ చేతులు చాపి అడ్డంగా నిలబడి ఉంది. వెనకాల ఊరు.

"గుళ్లోకి ఆవుని తోలతావా? నీకు బుద్ధుందా, అన్నా? ముందు సెప్పులిప్పు!"

"గుడేటే, నా పొలం! గడ్డి నాది, రాళ్లు నావి!"

"అప్పన్నని నాదంటావా? నోట్లో పురుగులు పడగలవు!"

రామలు నిజం చెప్పేశాడు. కల రాలేదనీ, రోలరు లేక అబద్ధమాడాననీ అందరి ముందూ గొంతు చించుకున్నాడు.

"మా మనవడికి జొరం ఆ రాయికి మొక్కాకే తగ్గింది," అంది నాగమ్మ. "జొరం కూడా అబద్ధమేనా?"

"మొన్ దియే, దేవుడా! నేను కూడా ఓ కొవ్వొత్తి వెలిగించాను," అన్నాడు మార్సెల్ నొచ్చుకుంటూ. "మా ఆవిడ నడుం నొప్పి సగం తగ్గింది."

ఎక్కడో రివియేర్ దు రాంపార్ ఊరి నుంచి కూడా బండ్లు కట్టుకుని వస్తున్నారట. వాళ్లకి దారి చూపిస్తున్నది అప్పయ్యట. రామలుతో ఎవరూ ఓ మాట చెప్పలేదు. సొంత గడ్డి కళ్ల ముందు గాలికి ఊగుతుంటే, పాకలో గవిరి ఎండు చెరుకాకు నమిలింది. అమ్మాయమ్మ ఆ డొక్కల వైపు చూసి, ఆవుని తోలుకుపొమ్మని తమ్ముడికి కబురు పంపింది.

ఆ కబురు విని రామలు అప్పయ్య వాకిట్లో బైఠాయించాడు. "నా ఆవు ఊరొదిలి ఎల్లిపోతంది, మామా! ఏదో ఒకటి తేల్చు. లేకపోతే నాను లేవను!" అన్నాడు.

అప్పయ్య గడ్డం గోక్కున్నాడు. "సరే. ఆవుని స్వామి ముందు వదులు. స్వామే సెప్తాడు," అన్నాడు.

ఊరంతా చేరింది. పలుపు విప్పారు. గవిరి మోకాలెత్తు పచ్చికలోంచి, దేన్నీ ముట్టుకోకుండా, తిన్నగా నల్లరాయి దగ్గరికి నడిచింది. పుట్టినప్పట్నుంచీ పాకలో కట్టేసి ముందు వేసిన మోపే తిన్న ఆవు, నేల మీద నిలబడ్డ గడ్డిని కొరికి తినొచ్చని దానికేం తెలుసు? రాయి మీద బంతిపూల దండ వాసన చూసి, ఆ దండ మొత్తం నమిలి మింగి, తోక ఊపింది.

"స్వామి తన మెళ్లో దండే ఇచ్చాడు!" అని అప్పయ్య చేతులెత్తాడు. "పశువులకి అనుమతైంది! గోవిందా!"

రామలు ఎన్నో నెలల తర్వాత నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే నాగమ్మ తన ఆవునీ దూడనీ లోపలికి తోలింది. ఆ వెనక మార్సెల్ మేకలు, అప్పయ్య ఎడ్లు, ఊళ్లో కాళ్లున్న పశువల్లా.

"ఏయ్! ఆగండి! నా గడ్డి!"

"ప్రసాదం నీ ఒక్కడిదా, అన్నా?" అంది నాగమ్మ, దూడ మెడ నిమురుతూ.

చీకటి పడకముందే పొలం నున్నగా గొరిగేసినట్టయింది. క్లోవరు వేళ్లు కూడా పైకి తేలాయి. గవిరి మాత్రం నల్లరాయి దగ్గరే ఇంకో దండ కోసం చూస్తూ నిలబడింది. ఒక్కొక్కటే పశువులు నిండు పొట్టలతో నెమరు వేసుకుంటూ ఇళ్లకి మళ్లాయి.

ఆ సాయంత్రం బాన్ అక్యూయ్‌లో ఖాళీ డొక్కలతో పాక చేరిన పశువు గవిరి ఒక్కటే.